ఆడుతుండగా ఆగిపోయే ల్యాప్‌టాప్ - 2వ పాఠం: ఆగిన క్షణాన్ని పట్టుకోవడం

పోయినసారి ఇచ్చిన హోంవర్క్ చేశారా? ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో మూడు సంగతులు రాసుకోమన్నాను. క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైట్ వెలిగి ఆరుతోందా? ఆట శబ్దం ఏమైంది? మౌస్ బాణం కదులుతోందా? లైట్ వెలిగి ఆరుతుంటే విండోస్ బతికే ఉంది, ఇరుక్కుపోయింది బహుశా ఆట ఒక్కటే. లైటూ పలక్క, శబ్దం అరిగిపోయిన రికార్డులా ఒకే ముక్క మీద గుర్రుమంటుంటే మొత్తం మెషీనే ఆగిపోయింది.

ఈలోగా ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టేయ్, అదే పోతుంది" అని ఉంటారు. కొట్టకండి. ఆగిపోయిన ప్రతిసారీ విండోస్ తనకు తెలిసింది ఎంతో కొంత రాసి పెట్టుకుంటుంది. ఫార్మాట్ కొడితే ముందు పోయేది ఆ రాతే. ఆ తర్వాత నాలుగు రోజులు బాగా నడిచినా ఎందుకు నడిచిందో తెలియదు, ఐదో రోజు మళ్లీ ఆగితే మొదటికొస్తాం.

ఈ పాఠంలో ఏదీ విప్పం, ఏదీ మార్చం. ఆగే ముందు, ఆగినప్పుడు మెషీన్ లోపల ఏం జరుగుతోందో దానిచేతే రాయిస్తాం.

దానికి నేను వాడేది హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే ప్రోగ్రాం. ఇంట్లో వాడుకోడానికి ఉచితమే. తెరవగానే వచ్చే చిన్న బాక్సులో 'సెన్సర్స్ ఓన్లీ' దగ్గర టిక్ పెట్టి స్టార్ట్ నొక్కండి. చాంతాడంత జాబితా వస్తుంది. కంగారు పడకండి, అందులో చాలావరకు మనకి అక్కర్లేదు. కింద కాగితం బొమ్మ మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న బటన్ కనపడుతుంది. అది నొక్కితే ఫైల్ ఎక్కడ సేవ్ చెయ్యాలో అడుగుతుంది. తేదీనే పేరుగా పెట్టి డెస్క్‌టాప్ మీద సేవ్ చేయండి. ఇక అప్పట్నుంచి రెండు సెకన్లకోసారి ఒక్కో వరుస చొప్పున అన్ని అంకెలూ ఆ ఫైల్లోకి ఎక్కుతూ ఉంటాయి. ఆ కిటికీని మినిమైజ్ చేసేసి ఆట మొదలుపెట్టండి.

రోజూ ఎలా ఆడతారో అలాగే ఆడాలి. పరుపు మీద పెట్టుకుని ఆడే అలవాటైతే ఇవాళా పరుపు మీదే. ఇవాళ ఒక్కరోజూ ఏసీ వేసి, కింద కూలింగ్ ప్యాడ్ పెట్టి ఆడితే, జ్వరం మాత్ర వేసుకుని డాక్టరు దగ్గరికెళ్లి జ్వరం చూడమన్నట్టు ఉంటుంది.

ఆగిందా? ముందు ఫోన్‌లో టైం చూసి రాసుకోండి. ఆ తర్వాత రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. ఇది చెప్పినంత తేలిక కాదు, నాకు తెలుసు. కానీ కొన్ని రకాల హ్యాంగ్‌లు అర నిమిషం, నిమిషంలో వాటంతటవే విడిపోతాయి. అలా విడిపోవడమే ఒక ఆధారం. అప్పటికీ కదలకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే బొమ్మ గీసే చిప్‌ని నడిపే ప్రోగ్రాంని, మళ్లీ మొదలుపెట్టే మీటలు ఇవి. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి వెనక్కి వచ్చి, ఆట గానీ డెస్క్‌టాప్ గానీ దారిలో పడితే గ్రాఫిక్స్ వైపు అనుమానం పెట్టుకోవచ్చు. దానికీ పలక్కపోతే, అప్పుడు పవర్ బటన్ గట్టిగా పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

మళ్లీ ఆన్ చేశాక ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరవండి. ముందు అంకెల్లోకి వెళ్లకండి, ఫైల్ ఎలా ముగిసిందో చూడండి. మీరు రాసుకున్న టైం దగ్గర కూడా వరుసలు రెండేసి సెకన్లకి తెగకుండా వస్తూనే ఉన్నాయంటే, విండోస్ పని చేస్తూనే ఉంది. మధ్యలో ముప్పై నలభై సెకన్లు ఖాళీ వచ్చి మళ్లీ మొదలైతే, సిస్టమ్ మొత్తం ఊపిరి బిగబట్టి వదిలింది. ఆ టైం దగ్గర ఫైల్ ఠక్కున తెగిపోతే మెషీన్ అక్కడే పడిపోయింది. ఒక మాట, తెగిపోయిన ఫైల్లో చివరి కొన్ని వరుసలు డిస్క్ మీదికి ఎక్కకముందే పోయి ఉండొచ్చు. అందుకని ఆఖరి వరుసే ఆఖరి క్షణం అనుకోకండి.

ఇప్పుడు అంకెలు. ప్రాసెసర్ వేడి, దాని పక్కనే థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి చిప్ వేగం తగ్గించుకోవడం) అనే ఎస్ లేదా నో కాలమ్, గ్రాఫిక్స్ వేడి, గ్రాఫిక్స్ పవర్, డిస్క్ యాక్టివిటీ, డిస్క్ రీడ్ రేట్. ఇవి చాలు. మిగతా కాలమ్‌లు దాచేయండి.

ఎలా చదవాలో మా ఇంటి కేసుతో చూపిస్తాను. విజయవాడలో మా అక్క కొడుకు ల్యాప్‌టాప్. అందులో రెండు ఎస్‌ఎస్‌డీలు, అంటే ఫైళ్లు దాచే డిస్కులు, ఉన్నాయి. డిసెంబర్ నుంచి బాగానే నడిచింది. ఏప్రిల్ రెండో వారం నుంచి జీటీఏ 5లో కారు వేసుకుని సిటీలోకి దూసుకెళ్తే చాలు, బొమ్మ బిగుసుకుపోయేది. ఎండలు మొదలయ్యాక వచ్చిన జబ్బు కాబట్టి వేడే అనుకున్నా. ఫ్యాన్లలో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ మార్పించా. వారం తర్వాత ఫోన్ చేశాడు, "మావయ్యా, ఇంకా అలాగే ఉంది" అని. అప్పుడు గానీ నాకు లాగ్ పెట్టాలని తట్టలేదు. పాఠాలు చెప్పేవాడి తెలివి అలా ఉంది.

ఫైల్లో రాత్రి 9:22కి ప్రాసెసర్ 97 డిగ్రీలు, థ్రాట్లింగ్ కింద ఎస్. అంటే వేడి నిజమే. కానీ ఆ టైంలో ఆట ఆగలేదు! ఆగింది 9:41కి. అక్కడ వరుసలు ఇలా ఉన్నాయి:

9:41:02 - ప్రాసెసర్ 81, గ్రాఫిక్స్ 74 డిగ్రీలు, గ్రాఫిక్స్ పవర్ 62 వాట్లు, రెండో ఎస్‌ఎస్‌డీ నుంచి చదువుతున్నది సెకనుకి 310 ఎంబీ.
9:41:04 - గ్రాఫిక్స్ పవర్ 58 వాట్లు, ఎస్‌ఎస్‌డీ యాక్టివిటీ 100 శాతం, చదువుతున్నది 41 ఎంబీ.
9:41:06 - గ్రాఫిక్స్ పవర్ 15 వాట్లు, ఎస్‌ఎస్‌డీ యాక్టివిటీ 100 శాతం, చదువుతున్నది సున్నా.

మూడో వరుస దగ్గర కాసేపు ఆగండి. గ్రాఫిక్స్ 62 నుంచి 15 వాట్లకి పడిపోయింది. దానికి గియ్యడానికి ఏమీ రావట్లేదు, ఖాళీగా కూర్చుంది. ఎస్‌ఎస్‌డీ మాత్రం నూరు శాతం బిజీ అంటోంది, ఇస్తున్నది మాత్రం సున్నా. బ్యాంకు కౌంటర్‌లో మనిషి కనపడుతున్నాడు, క్యూ కదలట్లేదు. లాగ్ తెగలేదు, ఎందుకంటే విండోస్ ఉన్నది మొదటి ఎస్‌ఎస్‌డీలో. ఆట ఉన్నది రెండోదాంట్లో.

దీనికి రెండో సాక్షి కావాలి. అది ఈవెంట్ వ్యూయర్, విండోస్ రాసి పెట్టుకున్నవి చూపించే చోటు. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి తెరిచి, ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్ నొక్కండి. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు బోలెడుంటాయి. ఏ జబ్బూ లేని మెషీన్‌లో కూడా ఉంటాయి, ప్రతిదానికీ టెన్షన్ పడక్కర్లేదు. మీ నోట్‌బుక్‌లోని టైంకి అటూ ఇటూ రెండు నిమిషాలు మాత్రమే చూడండి.

ముందుగా ఒక అపోహ. చాలామందికి అక్కడ మొదట కనపడేది కెర్నల్-పవర్ 41 అనే రాత. దాన్ని చూడగానే "పవర్ సప్లై పోయింది", "మదర్‌బోర్డు పోయింది" అని తీర్మానాలు జరిగిపోతాయి. 41 చెప్పేది ఒక్కటే: కిందటిసారి నన్ను పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యలేదు అని. మీరే కదా బటన్ నొక్కి పట్టుకున్నది! పైగా అది రాసేది మళ్లీ ఆన్ అయ్యాక, కాబట్టి దాని టైం ఆగిన టైం కాదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదని అర్థం. పక్కనే 6008 నంబర్‌తో ఇంకోటి ఉంటుంది. మెషీన్ సుమారు ఏ టైంకి పడిపోయిందో అందులో రాసి ఉంటుంది, అది పనికొస్తుంది.

మనం వెతికే ఈవెంట్ నంబర్లు ఇవి. సోర్స్ డిస్‌ప్లే అని ఉండి 4101 వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ పలక్కుండా పోయి మళ్లీ లేచింది. గ్రాఫిక్స్ చిప్ మామూలుగా రెండు సెకన్లలో బదులివ్వకపోతే విండోస్ దాన్ని తట్టి లేపుతుంది, ఆ రాతే ఇది. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ అనే పేరుతో 18 వస్తే హార్డ్‌వేర్ తానే తప్పు ఒప్పుకుంటోంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 129 వస్తే, డిస్క్ ఎంతకీ బదులివ్వకపోవడంతో విండోస్ దాన్ని రీసెట్ చేసింది. సోర్స్ పేరు ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కోలా ఉండొచ్చు. నంబర్, దాని కింద రీసెట్ అన్న మాట, రెండూ చూసుకోండి.

మావాడి దాంట్లో 9:41 నిమిషంలోనే 129 ఉంది. కిందటి పది రోజుల్లో అలాంటివి పద్నాలుగు.

ముందు వాడి కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నా. 129 కనపడితే మీరూ చెయ్యాల్సిన మొదటి పని అదే, మిగతాదంతా తర్వాత. డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాంలో చూస్తే ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం 98 శాతం. బాగున్నది ఎందుకు బిగుసుకుంటోంది? ఆ రాత్రి నిద్రపోయే ముందు గుర్తొచ్చింది. డిసెంబర్‌లో ఆ ఎస్‌ఎస్‌డీ పెట్టింది నేనే. దాన్ని బోర్డుకి పట్టి ఉంచే స్క్రూ ఒకటుంటుంది, బియ్యపు గింజంత. అది చేయి జారి చాప కింద ఎటో దొర్లిపోయింది. దొరక్కపోతే ప్లాస్టర్ టేపు అంటించి మూత వేసేశా. చలికాలమంతా టేపు ఆగింది. ఎండలు ముదిరి, లోపల వేడికి జిగురు మెత్తబడి, రెండో కొస కొద్దిగా పైకి లేచింది. ఆట భారీగా చదువుతూ ఎస్‌ఎస్‌డీ వేడెక్కినప్పుడల్లా కాంటాక్ట్ వదులుతోంది. రిపేర్ షాపులో స్క్రూ పది రూపాయలు. బిగించాక మే నెలంతా ఆడాడు, 129 మళ్లీ కనపడలేదు.

మీ ల్యాప్‌టాప్‌లోనూ స్క్రూయే పోయిందని కాదు నేను చెప్పేది. ఎండలు చూసి వేడే అనుకుని నేను అక్కడే ఆగిపోయాను, ఆగిన క్షణంలో అంకెలు ముందే చూడలేదు. ఎక్కువ వేడి ఉండటం వేరు, ఆగిన క్షణంలో ఎక్కువ వేడి ఉండటం వేరు.

అయితే వేడే కారణమైతే ఎలా కనపడుతుంది? గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ ప్రాసెసర్లకి ఎక్కువగా 100 డిగ్రీలు, ఏఎండీ వాటిలో చాలావాటికి 95 దగ్గర హద్దు ఉంటుంది. అక్కడికి చేరితే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి వేడి వల్ల సాధారణంగా బొమ్మ బిగుసుకోదు, కుంటుతుంది. అరవై ఫ్రేములు ఇరవైకి పడి, మళ్లీ లేచి, మళ్లీ పడతాయి. మరీ మితిమీరితే మెషీన్ ఒక్కసారిగా ఆఫ్ అయిపోతుంది. గదిలో ఒక డిగ్రీ పెరిగితే లోపలా దాదాపు అంతే పెరుగుతుందని మర్చిపోకండి. జనవరిలో బాగా నడిచిన మెషీన్ రామగుండం మే నెలలో కుంటడం వింతేమీ కాదు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ స్టేట్‌ని 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమే అనిపిస్తుంది గానీ, దాంతో ప్రాసెసర్ టర్బో వేగానికి, అంటే మామూలుకి మించిన వేగానికి, వెళ్లడం మానేస్తుంది, వేడి బాగా దిగుతుంది. అలా ఆడినప్పుడు కుంటడం పోతే మీ జబ్బు వేడే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనపడదు, అప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో సైలెంట్ మోడ్ పెట్టి ఆడి చూడండి.

ఇంకో కాలమ్ కూడా చూడండి, బ్యాటరీ కింద ఛార్జ్ రేట్. ఛార్జర్ పెట్టే ఆడుతున్నా అది మైనస్‌లో ఉందంటే, ఛార్జర్ ఇస్తున్నది చాలక బ్యాటరీ నుంచి తోడుకుంటోంది. పాత ఛార్జర్ పాడై డూప్లికేట్ కొన్నవాళ్లకి ఇది తరచూ కనపడుతుంది. కింద రాసిన వాట్లు అసలు దానితో సరిపోతున్నాయో లేదో పోల్చుకోండి.

ఈ వారం పని: కనీసం మూడు హ్యాంగ్‌లు లాగ్‌లో పట్టండి. ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఆగిన టైం, ఫైల్ ఎలా ముగిసింది, ఆ క్షణంలో మన ఆరు అంకెలు, ఈవెంట్ వ్యూయర్ నంబర్ రాయండి. మూడూ ఒకేలా ఉంటే దారి దొరికినట్టే. మూడు మూడు రకాలుగా ఉంటే ర్యామ్ మీద అనుమానం పెట్టుకోండి, దాని పరీక్ష నాలుగో పాఠంలో ఉంది, రాత్రంతా పడుతుంది. ఆ ఫైళ్లు డిలీట్ చెయ్యకండి. 3వ పాఠంలో వెనక మూత తీస్తాం. దుమ్ము దులిపాక కొత్త లాగ్ తీసి, ఈ పాతదాని పక్కన పెట్టి చూడాలి. ఈలోపు ఒక ప్లస్ స్క్రూడ్రైవర్, ఒక పెయింట్ బ్రష్, విప్పిన స్క్రూలు వేసుకోడానికి ఒక స్టీలు గిన్నె సిద్ధం చేసుకోండి. గిన్నె మాత్రం మర్చిపోవద్దు.