చలేస్తోందని కాగడా ముందుకు చాపకండి

మొన్న ఆదివారం మా పక్క టేబుల్ మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి, పాచికలతో ఆడే కథల ఆట) ఆడుతున్న ఓ కొత్త బ్యాచ్ మొదటి గుహలోనే తమ విజార్డ్‌ని (మంత్రగాడి పాత్రని) పోగొట్టుకుంది. గోబ్లిన్ ఒక్కటి కూడా ఎదురవలేదు. గోడకి పట్టిన బూజు, చేతిలో కాగడా, అంతే. సెలవుల్లో కొత్త క్యాంపెయిన్లు (విడతలుగా సాగే కథలు) మొదలుపెట్టేవాళ్లుంటారని ఇది రాస్తున్నా. పార్టీ (జట్టు) విడిపోకండి, తలుపు తీసే ముందు ట్రాప్ చూడండి లాంటివి ఎవరైనా చెప్తారు, వదిలేస్తా.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్‌లో, 2014 రూల్స్ ప్రకారం, బ్రౌన్ మోల్డ్ (ఆ గోధుమ రంగు బూజు) వేడిని తిని బతుకుతుంది. మామూలుగా 10 అడుగుల చదరం ఉంటుంది. చుట్టూ 30 అడుగుల దాకా ఎముకలు కొరికే చలి. 5 అడుగుల లోపలికి వెళ్తే డీసీ 12 కాన్‌స్టిట్యూషన్ సేవ్ (20 ముఖాల పాచిక వేసి, ఒంటి గట్టిదనం పాయింట్లు కలిపి 12 తెచ్చుకోవాలి); తప్పితే 4డీ10 (పది ముఖాల పాచికలు నాలుగు) కోల్డ్ డ్యామేజ్ (చలి దెబ్బ), నెగ్గినా అందులో సగం. 4డీ10 సగటు 22. విజార్డ్‌కి ఉన్నవే 8 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) అనుకోండి. సున్నాకి దిగాక ఇంకా 14 మిగులుతుంది, అది 8 కంటే ఎక్కువ కాబట్టి డెత్ సేవ్‌ల (పడిపోయాక బతుకుతాడో లేదో తేల్చే పాచికలు) దాకా కూడా వెళ్లడు. అక్కడికక్కడే పోతాడు.

ఇక అందరినీ ముంచే తప్పు, నిప్పు. 5 అడుగుల లోపలికి ఏ నిప్పు వచ్చినా బూజు తక్షణం అటువైపు పాకి, ఆ నిప్పు నడిమధ్యలో ఉండేలా ఇంకో 10 అడుగుల చదరం కమ్మేస్తుంది. అంటే కాగడా పట్టుకున్నవాడు దగ్గరికెళ్లినందుకు ఒక సేవ్ వేస్తాడు, తర్వాతి టర్న్ బూజు నడుమే మొదలవుతుంది కాబట్టి ఇంకోటి వేస్తాడు. వెనకే ఆనుకుని నిలబడ్డ క్లెరిక్‌కీ (పూజారి పాత్రకీ) అదే గతి. చీమల్ని తరమడానికి బెల్లం చల్లినట్టు.

ఎందుకు చేస్తారంటే, ఎల్లో మోల్డ్ (పసుపు బూజు) నిప్పుకి చస్తుంది. గ్రీన్ స్లైమ్ (ఆకుపచ్చ జిగురు) కూడా చస్తుంది. ఆ అలవాటు ఇక్కడికి తెస్తారు. పైగా చీకట్లో డార్క్‌విజన్‌కి (కొన్ని పాత్రలకుండే చీకటి చూపుకి) రంగులు తెలియవు, అంతా బూడిద రంగే, పసుపో గోధుమో చెప్పలేరు. చలే గుర్తు. కాగడా వెలుగు బాగా పడేది 20 అడుగులే, చలి 30 అడుగుల నుంచే తెలుస్తుంది.

కాబట్టి:

డీఎం (ఆట నడిపేవాడు) "ఇక్కడ చల్లగా ఉంది" అన్నాడా, ఆగండి. అక్కడే.

కాగడా వెనక్కి పంపండి. వెలుతురు కావాలంటే లైట్ క్యాంట్రిప్ (వెలుగిచ్చే చిన్న మంత్రం) వాడండి, దానికి వేడి లేదు.

ఫైర్ బోల్ట్ (నిప్పు విసిరే మంత్రం) వద్దు. నూనె పోసి అంటించడం వద్దు. నిప్పుతో దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

చలి కాచుకోవడానికి నెగడు వేయకండి. వేసేవాళ్లుంటారు.

కోల్డ్ డ్యామేజ్ కొంచెం తగిలినా అది చచ్చిపోతుంది. రే ఆఫ్ ఫ్రాస్ట్ (చలి విసిరే మంత్రం) 60 అడుగుల నుంచి పనిచేస్తుంది. ఒక్కరైనా నేర్చుకుని రండి.

ఎవరైనా బూజులో పడిపోతే ముందు బూజుని చంపండి, హీలింగ్ తర్వాత. లేకపోతే ప్రతి టర్నూ తగిలే దెబ్బ ఒక ఫెయిలైన డెత్ సేవ్ కింద లెక్క.

లాగడానికి తాడు వేయండి. మీరు వెళ్లకండి. కాగడాతో అసలు వెళ్లకండి.

డీఎంలూ, ఆ 30 అడుగుల చలి గురించి నోరు విప్పి చెప్పండి, చెప్పకుండా చంపేసి "రూల్ బుక్‌లో ఉంది" అనకండి.