యూరోపియం కాంప్లెక్స్ ఎర్రగా వెలగకపోతే ఎక్కడ వెతకాలి?

యూరోపియం అనే అరుదైన మృత్తిక లోహానికి టీటీఏ (థీనోయిల్‌ట్రైఫ్లోరోఅసిటోన్), ఫెనాంత్రోలిన్ అనే లిగాండ్‌లు, అంటే లోహానికి అతుక్కునే అణువులు, కలిసిన పొడి 365 నానోమీటర్ల యూవీ లాంపు కింద కళ్లు చెదిరేంత ఎర్రగా వెలగాలి. వెలగకపోతే చాలామంది ముందుగా యూరోపియం లవణాన్నే అనుమానిస్తారు. తప్పు సాధారణంగా లోహంలో ఉండదు. దానికి శక్తి అందించేదీ, అందిన శక్తిని మింగేసేదీ చుట్టూ చేరిన అణువులే.

పోల్చి చూసుకోవడానికి 1 మిల్లీమోల్ కొలతలు ఇవి. టీటీఏ 0.667 గ్రాములు, ఫెనాంత్రోలిన్ మోనోహైడ్రేట్ 0.198 గ్రాములు 20 మి.లీ. వేడి ఇథనాల్‌లో కరిగించండి. 1 మోలార్ కాస్టిక్ సోడా 3 మి.లీ. కలపండి. యూరోపియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.366 గ్రాములను 5 మి.లీ. నీటిలో కరిగించి, 60 డిగ్రీల దగ్గర కలియబెడుతూ చుక్కచుక్కగా వేయండి. గంటసేపు కలియబెట్టి, వడగట్టి, నీటితో, తర్వాత కొద్దిపాటి చల్లని ఇథనాల్‌తో కడిగి వాక్యూమ్ డెసికేటర్‌లో ఆరబెట్టండి.

లక్షణం: వెలుగు బలహీనం, 592 నానోమీటర్ల శిఖరం 615 కంటే ఎత్తు

టీటీఏ లోహానికి అతుక్కోలేదని అర్థం. 592 దగ్గరి ⁵డి₀→⁷ఎఫ్₁ గీత (⁵డి, ⁷ఎఫ్ యూరోపియం శక్తిస్థాయిల పేర్లు) అయస్కాంత ద్విధ్రువ పరివర్తన. పరిసరాలు మారినా దాని బలం పెద్దగా మారదు. 612–615 దగ్గరి ⁷ఎఫ్₂ గీత మాత్రం సౌష్ఠవం చెడినకొద్దీ పెరుగుతుంది. మంచి టీటీఏ కాంప్లెక్స్‌లో అది మొదటిదానికి పది రెట్లు దాటుతుంది. నీటిలో ఒంటరిగా ఉన్న అయాన్‌కు 592దే పైచేయి.

కారణం చాలాసార్లు ఆమ్లం. 0.176 గ్రాముల యూరోపియం ఆక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి వాడేవాళ్లు మిగులు ఆమ్లాన్ని పూర్తిగా ఆవిరి చేయకపోతే, పోసిన సోడా దానికే ఖర్చయిపోతుంది. టీటీఏ ప్రోటాన్ వదలదు. పీహెచ్ 6–7 మధ్యకు తెచ్చుకోండి. అతిచేసి సోడా పోస్తే తెల్లటి జిగురులాంటి హైడ్రాక్సైడ్ దిగుతుంది; అప్పుడు మళ్లీ మొదలుపెట్టడమే నయం. క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి తూకాన్ని నమ్మకండి. జైలినాల్ ఆరెంజ్ సూచికతో ఈడీటీఏ టైట్రేషన్ చేసి గాఢత తేల్చుకోండి.

లక్షణం: శిఖరాలు సరిగ్గానే ఉన్నాయి, జీవితకాలం తక్కువ

జీవితకాలం అంటే ఉత్తేజం ఆపాక వెలుగు నిలిచే సమయం. అది తగ్గిందంటే నీరు దూరింది. ⁵డి₀కీ ⁷ఎఫ్₆కీ మధ్య అంతరం సుమారు 12,300 సెం.మీ⁻¹. ఓ–హెచ్ కంపనం దాదాపు 3,400. అలాంటి నాలుగు క్వాంటాలకే (కంపన శక్తి మెట్లకే) శక్తి మొత్తం వేడిగా జారిపోతుంది. భారజలంలోని ఓ–డి (డి అంటే డ్యుటీరియం, బరువైన హైడ్రోజన్) కంపనం 2,500 మాత్రమే కాబట్టి అయిదు కావాలి, జారడం బాగా నెమ్మదిస్తుంది. నీటిలో యూరోపియం అయాన్ జీవితకాలం 0.11 మిల్లీసెకన్లు, భారజలంలో 4 దరిదాపుల్లో ఉండటానికి కారణం ఇదే.

నీటిలో కరిగే కాంప్లెక్స్ అయితే ఎన్ని నీటి అణువులు అంటుకున్నాయో లెక్కగట్టవచ్చు. నీటిలోనూ భారజలంలోనూ జీవితకాలాల విలోమాలు (మిల్లీసెకన్లలో) తీసి, వాటి తేడాలోంచి 0.25 తీసేసి 1.2తో గుణించండి. జీవితకాలాలు 0.40, 2.0 మిల్లీసెకన్లు వచ్చాయనుకుంటే: 2.5 − 0.5 − 0.25 = 1.75, గుణిస్తే 2.1, అంటే రెండు. భారజలం సీసా మూత తెరిచి ఉంచితే గాలి తేమ కలిసి లెక్క చెడుతుంది.

పరిష్కారం: ఫెనాంత్రోలిన్ సరిగ్గా ఒక మోల్ పడిందో లేదో చూడండి, లేదా రెండు మోల్‌ల టీఓపీఓ (ట్రైఆక్టైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్) వాడండి. పొడి బాగా వెలిగి ద్రావణం మసకబారితే ద్రావణిదే తప్పు. మిథనాల్ ఓ–హెచ్‌ను తెస్తుంది, డీఎంఎస్ఓ లిగాండ్‌నే పక్కకు నెడుతుంది. తేమ లేని డైక్లోరోమీథేన్‌లో కొలవండి.

లక్షణం: అదే పద్ధతిలో టెర్బియం వేస్తే పచ్చగా వెలగదు

వెలగదు, వెలగనక్కర్లేదు. టీటీఏ త్రిక స్థాయి (లిగాండ్ తన శక్తిని లోహానికి అందించే స్థాయి) సుమారు 20,400 సెం.మీ⁻¹; టెర్బియం ⁵డి₄ కూడా దాదాపు అక్కడే. ఎక్కిన శక్తి వెంటనే లిగాండ్‌కు తిరిగి దిగిపోతుంది. యూరోపియం ⁵డి₀ 17,300 దగ్గర ఉండబట్టి దానికి ఈ బెడద లేదు. ద్రవ నైట్రోజన్‌లో 77 కెల్విన్‌కు చల్లబరిస్తే పచ్చదనం పెరిగిందా? రోగం ఖాయం. టీటీఏ మానేసి 25,000 దాటిన త్రిక స్థాయి ఉన్న అసిటైల్‌అసిటోన్‌కు మారండి. కొత్త లిగాండ్ త్రిక స్థాయి కావాలంటే గడోలినియం కాంప్లెక్స్ చేసి 77 కెల్విన్‌లో దాని ఫాస్ఫోరెసెన్స్ చూడండి. గడోలినియం తొలి ఉత్తేజిత స్థాయి 32,000 దగ్గర ఉండటంతో అది అడ్డురాదు.

లక్షణం: అనుమానాస్పద శిఖరం

ఉత్తేజ తరంగదైర్ఘ్యం మారిస్తే శిఖరం కూడా కదిలితే అది గ్రేటింగ్ రెండో ఆర్డర్, అంటే ఉత్తేజ కాంతే రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కనిపించడం. 306తో ఉత్తేజపరిస్తే 612 దగ్గర, 350తో అయితే 700 దగ్గర దొంగ శిఖరం. రెండుచోట్లా యూరోపియం అసలు గీతలే ఉండటం ఇబ్బంది. ఉద్గార మార్గంలో 400 నానోమీటర్ల లాంగ్‌పాస్ ఫిల్టర్ పెట్టండి.

580 దగ్గర రెండు గీతలు కనిపిస్తే మాత్రం యంత్రాన్ని తిట్టకండి. ⁵డి₀, ⁷ఎఫ్₀ రెండూ చీలని స్థాయిలు. ఒక్క రకం పరిసరానికి ఒక్క గీతే. రెండున్నాయంటే రెండు రకాల యూరోపియం ఉంది, జీవితకాల వక్రం కూడా తరచూ రెండు ఘాతాంకాలుగా విడిపోతుంది. స్లిట్ 0.5 నానోమీటర్ల లోపు ఉంచి చూసి, పొడిని మళ్లీ స్ఫటికీకరించండి.

యురేనియం దగ్గర ఇవే సూత్రాలు, కాస్త వేరే శత్రువు

యురనిల్ (యురేనియానికి రెండు ఆక్సిజన్లు అతికిన) అయాన్ వెలుగు పచ్చగా, సుమారు 850 సెం.మీ⁻¹ ఎడంతో మెట్లుమెట్లుగా వస్తుంది. నిటారు ఓ–యు–ఓ బంధాల కంపనమే ఆ మెట్లు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది; అలాంటి చోట్ల బోరు నీటిని లేజర్ ఫ్లోరిమీటర్‌తో పరీక్షించేటప్పుడు సంకేతం పడిపోతే మొదట క్లోరైడ్, ఇనుము, హ్యూమిక్ పదార్థాలను అనుమానించండి. క్లోరైడ్ ఈ దీప్తిని నేరుగా చంపేస్తుంది కనుక నమూనాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాకుండా నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించండి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్ 7కు తెచ్చిన 5 శాతం సోడియం పైరోఫాస్ఫేట్ కలపండి. అది యురనిల్‌ను చుట్టుకుని జీవితకాలం పెంచుతుంది. అయినా తక్కువగా ఉంటే నీటితో పలుచన చేసి, తెలిసిన ప్రమాణ ద్రావణాన్ని అదే క్యువెట్‌లో చేర్చి మళ్లీ కొలవండి. బయట గీసుకున్న క్రమాంకన గీతకంటే ఇదే నమ్మదగింది.