నిమ్మకాయలకు కలబంద పూత వేయడం ఎలా?

వానాకాలంలో తిరుపతి మార్కెట్లో నిమ్మకాయలు చవకగా దొరికాయని సంచీ నిండా తెచ్చుకుంటాం. వారం పది రోజుల్లో తొక్క గట్టిపడి, రసం ఇంకిపోతుంది. ఎంత బాధ! చెట్టు నుంచి కోశాక కూడా కాయ శ్వాసిస్తూనే ఉంటుంది, తొక్కలోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. దాన్ని ఆపేందుకు తొక్క మీద సహజంగానే పలుచని మైనం ఉంటుంది. కడిగి రుద్దినప్పుడు అది కొంత పోతుంది. ఆ లోటును కలబంద గుజ్జు కొంతవరకు తీరుస్తుంది.

పూత కంటే ముందు కాయల ఎంపిక ముఖ్యం. సొంత చెట్టుంటే మంచు తడి ఆరాక, లాగకుండా, తొడిమను కత్తెరతో కత్తిరించండి. తడి మీద కోస్తే తొక్కలోని నూనె తిత్తులు చిట్లి మచ్చలు పడతాయి. బూజు గాట్లలోంచే లోపలికి పోతుంది. గోరు గీత పడ్డ కాయను కూడా పక్కన పెట్టి, ఆ రోజే పులిహోరకు వాడేయండి. మొదలైన కుళ్లును ఏ పూతా ఆపలేదు.

లీటరు నీటిలో 30 గ్రాముల వంట సోడా కలిపి, కాయలను రెండు నిమిషాలు ఉంచి, మంచినీటితో కడిగి ఆరబెట్టండి.

ముదురు కలబంద మట్టను మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గంటసేపు గిన్నెలో నిలబెట్టండి. పసుపు ద్రవం కారుతుంది. అది చేదు, కడుపులో పడితే విరేచనాలవుతాయి. అందుకే ఇక్కడ తొందరపడకూడదు. తర్వాత తొక్క తీసి, గుజ్జును కడిగి, మిక్సీలో తిప్పి, పలుచని గుడ్డతో వడకట్టండి. సన్నని సెగపై మరగకుండా వేడిచేసి చల్లార్చండి. గ్లాసు గుజ్జుకు గ్లాసు కాచి చల్లార్చిన నీరు, రెండు చెంచాల నిమ్మరసం కలపండి. పులుపు పడితే గుజ్జు త్వరగా రంగు మారదు. అయినా ఏ రోజుది ఆ రోజే వాడాలి.

కాయలను నిమిషం ముంచి, జల్లెడలో వార్చి, ఒకదానికొకటి తగలకుండా ఫ్యాను గాలికి ఆరబెట్టండి. రెండు కాయలను ఆనించి తీస్తే అంటుకోకూడదు. పూత మందంగా ఉంటే మేలనుకోకండి. గాలి ఆడక కాయ లోపలే పులుస్తుంది. చీనీ (బత్తాయి) కాయల్లో అయితే మొదటి గుక్కలోనే ఆ పులిసిన వాసన తెలిసిపోతుంది.

వెదురు బుట్టలో నీడపట్టున ఉంచండి. పూత వేసిన 10 కాయలను, వేయని 10 కాయలను రెండు రోజులకోసారి తూచి రాసుకుంటే ఫలితం మీకే తెలుస్తుంది. తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఆవిరైన నీరే. ఏ కాయ మీదైనా మెత్తబడిన తెల్లని మచ్చ కనబడితే వెంటనే తీసేయండి. ఆలస్యం చేస్తే అది ఆకుపచ్చ పొడిగా మారి పక్క కాయల మీద రాలుతుంది.