పత్తి ఏరబోయిన పిల్లకు ఫోన్‌ల పాఠం తీసుడెట్ల

పరకాల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. దసరా సెలవులు అయిపోయేసరికి పత్తి పగులుతుంది, మా వెనక బెంచీలు ఖాళీ అవుతాయి. కూలోళ్లు దొరకరు, ఇంట్లో పిల్లలే కూలోళ్లు. చేను నుంచి వచ్చి, తిని, అమ్మ ఫోన్ అందుకునేసరికి రాత్రి ఎనిమిది. కళ్లు మూతలు పడకముందు పావుగంట దొరికితే గొప్ప. ఆ పావుగంటకు సరిపోయే పాఠం ఎలా తీయాలో చెప్తాను.

పాఠాలు లేక కాదు. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానెళ్లలో వచ్చాయి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లోనూ ఉంటాయి. బాగుంటాయి కూడా. కానీ నిన్న నేను బోర్డు మీద ఎక్కడ ఆపానో ఆ పాఠాలు తీసినవాళ్లకేం తెలుసు?

ముఖం చూపించాలన్న మోజు వదిలేయండి. కాగితం, పెన్ను, చెయ్యి చాలు. మొదటిసారి ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి తీశాను. "మేడం, మీ ఏలు తప్ప ఏం కనవడ్తలేదు" అని మెసేజ్ వచ్చింది. ఇప్పుడు ఒకే ఎత్తున్న రెండు స్టీలు డబ్బాలు జానెడు ఎడంగా పెడతాను. పప్పు నిండుగా ఉన్నవే, ఖాళీవైతే జరుగుతాయి. వాటి మీద రెండు చెక్క స్కేళ్లు అడ్డంగా, స్కేళ్ల మీద ఫోన్ వెల్లకిలా. కెమెరా కన్ను స్కేళ్ల మధ్య సందులోంచి కిందికి చూడాలి. ఏం పడుతోందో పైనుంచి మనకు తెర మీద కనిపిస్తుంది.

రాత్రి ట్యూబులైటు కింద తీయకండి. పాత చోక్ ట్యూబులైటు అయితే వీడియోలో నల్లటి చారలు పాకుతాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, వెలుగు 100 సార్లు మినుకుతుంది, ఫోన్ సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. రెండింటికీ తాళం కుదరదు. పొద్దున్నే కిటికీ పక్కన కూర్చోండి. కుడిచేత్తో రాసేవాళ్లకు కిటికీ ఎడమవైపు ఉండాలి, లేకపోతే రాసిన అక్షరం మీదే చెయ్యి నీడ పడుతుంది.

తెర మీద కాగితం కనిపించేచోట వేలు కాసేపు నొక్కి ఫోకస్ లాక్ చేయండి. చెయ్యి కదిలినప్పుడల్లా మసకబారకుండా ఉంటుంది. ఫ్లైట్ మోడ్ మరిచిపోవద్దు. అంతా బాగా వచ్చిన వీడియోను నాలుగో నిమిషంలో మా అత్తమ్మ ఫోన్ చెడగొట్టింది. కుక్కర్ విజిల్ సంగతి చెప్పక్కర్లేదు. స్కెచ్ పెన్నుతో లావుగా రాయండి, పేజీకి ఆరు వరసలు మించొద్దు. అవతల చూసేది అరచేతి తెరలో.

ఒక వీడియోకు ఒకే లెక్క, ఐదు నిమిషాలు. శ్రేఢులకు, అంటే ఒకే తేడాతో సాగే అంకెల వరసలకు, నేను తీసుకున్న లెక్క ఇది: ఒక పిల్ల మొదటి రోజు 20 కిలోల పత్తి ఏరింది, రోజుకు 3 కిలోలు పెంచుకుంటూ పోయింది. ఆరు రోజుల్లో మొత్తం ఎంత? 20, 23, 26, 29, 32, 35 రాసి, మొదటిదీ చివరిదీ గీతతో కలిపాను: 55. రెండోదీ ఐదోదీ: 55. మూడోదీ నాలుగోదీ: మళ్లీ 55. ఇక్కడ పది సెకన్లు నోరు మూసుకుని పెన్ను పక్కన పెట్టాను. వాళ్లే మూడు 55లు 165 అనుకోవాలి. సూత్రం ఆ తర్వాతే రాశాను. ఆ మౌనాన్ని కత్తిరించకండి.

తీసే ముందే సెట్టింగుల్లో ఫుల్ హెచ్‌డీ నుంచి 720కి దించుకోండి, చేతిరాతకు అది చాలు. వాట్సాప్‌లో పంపి, కింద ఒక్క ప్రశ్న పెట్టి, జవాబు నోట్‌బుక్ ఫొటోగా అడగండి. చూశారో లేదో నీలం టిక్కులు చెప్పవు.

ఆ రోజు తొమ్మిదింటికి ఒక ఫొటో వచ్చింది. జవాబు సరిగ్గానే ఉంది, కింద పెన్సిల్‌తో ఒక ముక్క: "మేడం, రోజూ ఎట్ల పెరుగుతది? మూడో ఏరుడుకు పత్తి తగ్గుతది కదా." మర్నాటి వీడియోకు పదాంతరం, అంటే రోజురోజుకూ వచ్చే తేడా, మైనస్ 3 పెట్టుకున్నాను.