గెలిచిన రాత్రి జాగ్రత్తగా ఉండండి

ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో ఐదు విడతలుగా జరిగాయి. ఐదేళ్ల లెక్కన 2027లో మళ్లీ రావాలి. పర్లాకిమిడి, కాశీనగరం వైపు మన తెలుగు ఊళ్లలో ఎవరు నిలబడతారన్న మాటలు అప్పుడే మొదలయ్యాయి. పోలింగ్ రోజున పోలీసులు ఉంటారు, అధికారులు ఉంటారు. నా భయమంతా గెలిచిన రాత్రి గురించే.

క్రితంసారి ఓట్లు బ్లాకు కేంద్రంలో లెక్కపెట్టారు. గెలిచామని తెలియగానే ట్రాక్టర్ ట్రక్కు నిండా జనం, బైకుకి ముగ్గురేసి, చీకట్లో కేకలేసుకుంటూ ఊరికి బయలుదేరతారు. ఆటోలు ముందే మాట్లాడి పెట్టుకోండి. తాగినవాడి చేతికి తాళం ఇవ్వకండి, వాడు మేనల్లుడైనా సరే.

ఇక నిప్పు. ఫిబ్రవరికి నూర్పులు అయిపోయి గడ్డికుప్పలు ఇళ్ల పక్కనే ఉంటాయి. తాటాకు కప్పులు, జీడితోటల్లో ఎండుటాకులు సరేసరి. మా వీధిలో ఓసారి గెలుపు సంబరంలో వదిలిన తారాజువ్వ పడి ఒక కుప్ప కాలిపోయింది. అది ఓడినవాళ్లది. పొరపాటున పడిందంటే ఎవరు నమ్ముతారు? ఆ ఇంటివాళ్లు వేసవంతా ఆవులకు గడ్డి కొనుక్కున్నారు. రెండు కుటుంబాల మధ్య పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. ఆ పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే తారాజువ్వలు వద్దే వద్దు. కాల్చి తీరాలంటే చెరువు గట్టు మీద, పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టుకుని, చిన్న టపాసులు కాల్చండి.

జెండాకి ఇనుప పైపు వాడకండి, వెదురు కర్ర చాలు. డీజే బండి పైకి ఎవరినీ ఎక్కనివ్వకండి. మన వీధుల్లో కరెంటు తీగలు చేతికందేంత కిందికి వేలాడుతుంటాయి. రాత్రి 10 దాటాక మైకు పెట్టకూడదని చట్టమే చెబుతోంది. పైగా అది పదో తరగతి పిల్లలకు పరీక్షల టెన్షన్ ఉండే కాలం. అబీరు, అంటే రంగు పొడి, అడిగినవాళ్లకే పూయండి, కళ్లలో కొట్టకండి.

ఊరేగింపు ఏ వీధుల్లో వెళ్తుందో ముందే ఠాణాలో చెప్పి అనుమతి తీసుకోండి. ఓడినవాళ్ల ఇల్లున్న వీధిని ఆ దారిలో పెట్టకండి. డప్పు అక్కడ ఒక్క నిమిషం ఆగినా గొడవ అవుతుంది.

కృతజ్ఞతలు మర్నాడు పొద్దున, డప్పు లేకుండా, నడిచి వెళ్లి చెప్పుకోండి. సర్పంచ్, వార్డు మెంబర్, బ్లాకు స్థాయి పంచాయతీ సమితి మెంబర్ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు, జిల్లా పరిషత్‌కే ఉంటాయి. కాబట్టి ఇంటింటికీ వెళ్లేటప్పుడు పార్టీ కండువా ఇంట్లోనే ఉంచండి. ఒడియా ఇంట్లో ఒడియాలోనే మాట్లాడండి. కొండ మీది సవర గూడేలకు వాళ్ల భాష వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. గెలిచింది అక్క అయితే దండ అక్క మెడలోనే పడాలి, బావగారి మెడలో కాదు. సంతోషంలో ఎవరికీ ఇల్లు ఇప్పిస్తానని మాటివ్వకండి. అలాంటివి పల్లీసభలో, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలో, అందరి ముందూ మాట్లాడాల్సినవి.

అందరికంటే ముందు ఓడినవాళ్ల ఇంటికే వెళ్లండి. ఊరి పెద్ద ఒకరిని తీసుకెళ్లండి, వెంట గుంపు వద్దు, ఫోన్లో వీడియో వద్దు. తలుపు తీయకపోతే అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేయండి. రెండు రోజులాగి మళ్లీ వెళ్లండి.