మూత బిగుసుకుపోయిన సూప్ గిన్నె

జపాన్‌లోని కనజావాలో కాపురం పెట్టిన కొత్తలో మూత ఉన్న వాజిమా గిన్నె ఒకటి కొన్నాను. వాజిమా ఇలాంటి లక్కపూత గిన్నెలకు పేరున్న ఊరు. చెక్క గిన్నెకు ఉరుషి అనే జపాన్ లక్క పూత. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క, పురుగు నుంచి వస్తుంది, ఇది మాత్రం చెట్టు పాలు.

మొదటిరోజే వేడి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ పోసి మూతపెట్టాను. కాసేపాగి తీయబోతే ఊడి రాలేదు. గట్టిగా లాగితే సూప్ ఒళ్లో పడేలా ఉంది. పక్కింటి పెద్దావిడ వచ్చి, గిన్నె అంచును రెండు వైపులా వేళ్లతో మెల్లగా నొక్కారు. సన్నగా ‘తుస్’మంది, మూత వదిలేసింది. లోపలి ఆవిరి చల్లారి నీరయ్యేసరికి పీడనం తగ్గి, బయటి గాలి మూతను అదిమేస్తుంది. నొక్కితే అంచు కొద్దిగా వంగి, సందులోంచి గాలి దూరుతుంది.

రెండో గిన్నె చూసి కొన్నాను: చెక్కదే, వెడల్పు 12 సెంటీమీటర్లు, అడుగున వేళ్లు పట్టేంత కుదురు. ఇక్కడ గిన్నె ఎత్తుకునే తాగుతారు. స్టీలైతే చెయ్యి కాలిపోయేది, చెక్క హాయిగా వెచ్చగా ఉంటుంది.

మైక్రోవేవ్‌లో, డిష్‌వాషర్‌లో పెట్టను. గోరువెచ్చని నీళ్లు, మెత్తని స్పాంజి, వెంటనే పొడిబట్ట. పీచుతో మాత్రం తోమకండి, గీతలు పడతాయి.