మేడ మీది కంప్యూటర్‌కు నెట్ సరిగ్గా అందాలంటే ఏం చేయాలి?

కింద హాల్లో ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉంటాయి. అదే ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే మలుపు దగ్గరే రెండు పడిపోతాయి, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఒక్కటే మిగులుతుంది. వెంటనే వైఫైని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కొనుక్కొచ్చి కంప్యూటర్ పక్క ప్లగ్గులో గుచ్చుతారు. గీతలు వస్తాయి, వేగం రాదు. బావిలో ఉంటే గదా బొక్కెనలోకి వచ్చేది! ఆ గీతలు మీకూ రిపీటర్‌కూ మధ్య సంగతే చెబుతాయి. రిపీటర్‌కు కింది నుంచి ఏపాటి సిగ్నల్ అందుతోందో చెప్పవు. పైగా ఒకే రేడియోతో ఇటు వింటూ అటు చెప్పే రిపీటర్ వేగాన్ని దాదాపు సగానికి కోసేస్తుంది. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

నా పద్ధతి ఒక్కటే. కింది నుంచి పైకి ఒక కేబుల్, పైన మూలపడి ఉన్న పాత రౌటర్.

దానికి ముందు ఒక ఐదు నిమిషాలు ఖర్చులేని పని చేయండి. రౌటర్‌ను టీవీ వెనక నుంచి బయటకు తీయండి. యాంటెనా నిటారుగా ఉంటే సిగ్నల్ చుట్టుపక్కలకు బాగా వెళ్తుంది, నెత్తి మీదకు తక్కువ. ఒక యాంటెనాను అడ్డంగా పడుకోబెట్టండి. కంప్యూటర్‌ను 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి చూడండి. అది 5 గిగాహెర్ట్జ్ కన్నా నెమ్మదే గానీ గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది. పని జరిగితే అక్కడితో ఆగిపోండి. ఇనుప చువ్వల స్లాబు అడ్డంగా ఉన్న ఇంట్లో సాధారణంగా జరగదు.

సామాను

పాత రౌటర్, పొడవాటి క్యాట్ 6 రకం నెట్ కేబుల్ ఒకటి, పొట్టిది ఒకటి, ఒక పిన్ను. క్యాట్ 5ఇ అయినా 100 మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ వేగం మోస్తుంది. తీగ అసలు రాగిదే కావాలి, రాగి పూత పూసిన అల్యూమినియం ముట్టుకోవద్దు. మెట్ల పక్క గోడ వెంట క్లిప్పులు కొట్టుకుంటూ వెళ్లండి. కరెంటు వైర్లున్న పైపులో దూర్చకండి. మూలల దగ్గర తీగను మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పండి. అంతే.

అసలు మెలిక: పాత రౌటర్‌ను సిద్ధం చేయడం

ఇంట్లో పరికరాలకు అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కోదాన్ని గుర్తుపట్టే అంకెలు) పంచే పెద్ద ఒక్కరే ఉండాలి. ఆ పంచే పనినే డీహెచ్‌సీపీ అంటారు. ఇద్దరు పంచితే పొద్దున పనిచేసిన ఫోన్ సాయంత్రం పనిచేయదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి పాత రౌటర్‌లో దాన్ని ఆపాలి. ఆపడం తేలికే, ఏది ముందు ఏది వెనక అన్న దగ్గరే అందరూ బోల్తా పడతారు.

ఇప్పుడే రెండు రౌటర్లనూ కలపొద్దు. పాతదాన్ని ఒంటరిగా ఆన్ చేసి, వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకోండి, పాత సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోతాయి. తర్వాత దాని ల్యాన్ పోర్ట్ (ఇంట్లో పరికరాలకు కేబుల్ పెట్టే చోటు) నుంచి పొట్టి కేబుల్‌ను కంప్యూటర్‌కు పెట్టండి. కంప్యూటర్‌లో వైఫై ఆపేయండి. ఈ వాక్యం మళ్లీ చదవండి. రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరవాలంటే బ్రౌజర్‌లో దాని అడ్రసు కొట్టాలి, చాలా రౌటర్లు 192.168.1.1 లేదా 192.168.0.1 అనే అడ్రసుతోనే వస్తాయి. వైఫై ఆన్‌లో ఉంటే మీరు తెరిచిన పేజీ కింది రౌటర్‌దే కావచ్చు. ఒకసారి మా అత్తయ్య వాళ్లింట్లో నేనే ఇలా కింది రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి వచ్చాను. అప్పటికప్పుడు ఏమీ కాలేదు, మోసమంతా అక్కడే ఉంది. పాత అడ్రసుల గడువు తీరేకొద్దీ ఒక్కో ఫోనూ పడిపోయింది. రాత్రి తొమ్మిదికి మళ్లీ పరుగెత్తాను.

సరైన పేజీలోకి వెళ్లాక మొదట మార్చాల్సింది అడ్రసు. కింది రౌటర్ 192.168.1.1 అయితే, దీనికి 192.168.1.2 ఇవ్వండి. చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలూ (192.168.1) కింది రౌటర్‌వే ఉండాలి, చివరిదే వేరు. కిందిది ఆ చివరి సంఖ్యను 2 నుంచి 254 దాకా అన్నీ పంచేస్తుంటే, ముందుగానే దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి 100 నుంచి 200కు కుదించండి. లేదంటే ఏదో ఒకరోజు అదే 2ను ఎవరి ఫోన్‌కో ఇచ్చేస్తుంది.

సేవ్ నొక్కగానే పేజీ తిరుగుతూ ఉండిపోతుంది. చెడిపోలేదు, అడ్రసు మారింది. కేబుల్ ఒకసారి పీకి పెట్టి కొత్త అడ్రసు కొట్టండి. ఇప్పుడు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోండి. రెండూ కింద ఉన్నవే పెట్టాలి. పేరుకు 'పైన' అని తోక తగిలించేవాళ్లను చూస్తే నాకు చిరాకు, మెట్లెక్కిన ప్రతిసారీ ఫోన్‌లో పేరు మార్చుకుంటూ ఎవరు కూర్చుంటారు? ఛానెల్ (వైఫై నడిచే రేడియో దారి) మాత్రం వేరుగా ఉండాలి. 2.4లో 1, 6, 11 తప్ప మిగతావి ఒకదాని మీద ఒకటి పడతాయి. కింద 1 ఉంటే పైన 6 పెట్టండి.

అన్నీ అయ్యాక, చిట్టచివర డీహెచ్‌సీపీ ఆపండి. ముందే ఆపేస్తే కంప్యూటర్‌కు అడ్రసు ఇచ్చేవాళ్లుండరు. 169.254తో మొదలయ్యే అడ్రసేదో తానే తగిలించుకుంటుంది, రౌటర్ పేజీ తెరుచుకోదు. అప్పుడు కంప్యూటర్‌కు చేత్తో అడ్రసు ఇచ్చుకోవాలి, లేదా మళ్లీ పిన్నే గతి.

కొన్ని రౌటర్లలో ఇదంతా ఒక్క నొక్కుతో చేసే 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటుంది. నేను వాడను. అది నొక్కాక రౌటర్ కొత్త అడ్రసును కింది నుంచి తీసుకోవచ్చు, తర్వాత దాన్ని వెతుక్కోవడం ఒక పని.

కలపడం

కింది నుంచి వచ్చిన కేబుల్‌ను పై రౌటర్ ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి. వేరే రంగులో, విడిగా ఉండే వ్యాన్ పోర్ట్ (మామూలుగా బయటి నెట్ లైను పెట్టేది) ఖాళీగానే ఉండాలి. చేయి అటే పోతుంది, జాగ్రత్త. పొట్టి కేబుల్ మరో ల్యాన్ పోర్ట్ నుంచి నేరుగా కంప్యూటర్‌కు. అది ఎక్కడికీ నడిచిపోదు కదా, దానికి వైఫై దేనికి? వైఫై ఫోన్లకు వదిలేయండి.

విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ipconfig' కొట్టి, డీఫాల్ట్ గేట్‌వే (Default Gateway) అన్న దగ్గర కింది రౌటర్ అడ్రసు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే పని అయినట్టే. 192.168.1.2 అని కాగితం మీద రాసి పై రౌటర్ పొట్టకు అంటించండి. ఆరు నెలల తర్వాత మీకది గుర్తుండదు.